తొమ్మిదీ పదికి ఆగే లిఫ్టు

సరిగ్గా తొమ్మిదీ పదికి లిఫ్టు ఆగింది. వరసగా పదకొండో పనిదినం.

పానా గడియారం చూసుకోలేదు. పైన గరగరమంటున్న చప్పుడు మధ్యలో తెగిపోగానే టీ గ్లాసు బల్లమీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని మెట్లకేసి పరిగెత్తాడు. అతని అసలు పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది. ఇరవై రెండేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నాడు, చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది, అంచేత ఊరందరికీ పానాయే. కోపం వస్తే పెళ్లాం కూడా అలాగే పిలుస్తుంది.

ఆ భవనం ఏడంతస్తుల శిక్షణ సంస్థ. పట్టణాల్లో ఇళ్ల ప్లాన్లకు అనుమతులిచ్చే అధికారులూ, ఇంజనీర్లూ ఆరేసి వారాలు వచ్చి అక్కడ పాఠాలు వినిపోతుంటారు. గేటు దాటగానే ఎదురుగా అద్దాల లిఫ్టు తళతళలాడుతూ కనిపిస్తుంది. మెట్లు మాత్రం కనిపించవు. అవి ఓ బూడిదరంగు ఇనుపతలుపు వెనక, విరిగిన కుర్చీల గుట్టల మధ్య, చీకట్లో ఉంటాయి.

ఆ చీకట్లోనే పానా ఆయాసపడుతూ డాబా మీది మోటారు గదికి చేరాడు. మోటారు బంగారంలా ఉంది. తాళ్లు బాగున్నాయి. బ్రేకు బాగుంది. కంట్రోలు పెట్టెలో 'తలుపు' అన్న ఎర్రదీపం ఒక్కటే వెలుగుతోంది. ఎక్కడో ఏదో తలుపు మూసుకోవడం లేదు. ఏ అంతస్తులోనో చెప్పేంత తెలివి ఆ పాతకాలపు పెట్టెకి లేదు. అంతస్తు తరవాత అంతస్తు చూసుకుంటూ దిగేసరికి తొమ్మిదీ ఇరవై అయిదయింది. మళ్లీ పైకెక్కి చూస్తే ఎర్రదీపం ఆరిపోయి ఉంది. లిఫ్టు ఏమీ ఎరగనట్టు కదిలింది.

ఆరో అంతస్తులో డైరెక్టరు గారు నిలబడి ఉన్నారు. నూట నాలుగు కిలోల మనిషి, మెట్లెక్కి వచ్చారు.

"నీకు లిఫ్టు బాగుచేయడం వచ్చా, లేకపోతే ఆ సంచీలో పానాలకి బదులు వేరుశనక్కాయలు పెట్టుకు తిరుగుతున్నావా, పదకొండు రోజులయ్యా, పదకొండు రోజులు, ఈ శుక్రవారం పొద్దున కూడా ఆగిందంటే మీ కంపెనీకి నా దగ్గర్నుంచి ఉత్తరం పోతుంది, అర్థమైందా?"

"అర్థమైంది సార్."

"ఏమర్థమైంది?"

"వేరుశనక్కాయలు సార్... అంటే, శుక్రవారం సార్."

అతనికి అర్థమైంది ఇంకొకటుంది. ఆ ఉత్తరం వెళ్తే కంపెనీ చేతిలోంచి ఈ భవనం జారిపోతుంది. ఫోనులో యజమాని మొహమాటం లేకుండా చెప్పేశాడు: "ఆ బిల్డింగు పోయిందా, దాంతోపాటు నువ్వూ పోతావ్. నలభై ఎనిమిదేళ్లవాణ్ణి నిన్ను ఇంకెక్కడ పెట్టుకోను?"

సాయంత్రం పానా జరిగిందంతా పెళ్లానికి చెప్పాడు. ఆమె బట్టలు మడతపెడుతూ విన్నది.

"నాకైతే దెయ్యమేమోనని అనుమానంగా ఉందే," అన్నాడు చివరికి.

"రోజూ తొమ్మిదీ పదికా?"

"ఠంచనుగా."

"ఆదివారం?"

పానా ఆలోచించాడు. "ఆదివారం ఆగదు. రెండో శనివారం కూడా ఆగలేదు."

ఆమె అతని చొక్కాని కుర్చీమీదికి విసిరింది. "సెలవులు పాటించే దెయ్యాన్ని నేనెక్కడా చూళ్లేదు. అది జీతం తీసుకునే దెయ్యమయ్యా. పట్టుకో."

బుధవారం తొమ్మిదీ పదికి లిఫ్టు ఆగినప్పుడు పానా డాబా మీదికి పరిగెత్తలేదు. మొదటిసారి బుర్ర వాడాడు. కింది నుంచి ఒక్కో అంతస్తే చూసుకుంటూ పోయాడు. ఒకటి, రెండు, మూడు, ఎక్కడా ఏమీ లేదు. నాలుగో అంతస్తు ఇనుపతలుపు తోసేసరికి లిఫ్టు తలుపు అప్పుడే మూసుకుంటోంది. మనిషి జాడ లేదు. మోకాళ్లమీద కూర్చుని, తలుపు జారే గాడిలో వేలు పెట్టి చూశాడు.

వేలికి తెల్లటి పొడి అంటుకుంది.

వాసన చూశాడు. నాలికమీద వేసుకోబోయి, ఉద్యోగం పోయే ముందు ప్రాణం పోవడం దేనికని ఆగాడు. వేళ్ల మధ్య నలిపాడు. సుద్దముక్క! ఎవరో గాడిలో సుద్దముక్క పెడుతున్నారు. తలుపు సగం మూసుకుని, దానికి తగిలి వెనక్కి పోతుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ పోతుంది. తలుపు మూసుకోనిదే లిఫ్టు కదలదు. పావుగంటయ్యాక ముక్క తీసేస్తే చాలు, ఇక ఏ మెకానిక్కూ ఏమీ కనిపెట్టలేడు.

ఆ సంస్థలో గదిగదికీ తెల్ల బోర్డులే, రంగు పెన్నులే. సుద్దతో రాసే మనిషి భవనం మొత్తానికీ ఒక్కరే. నాలుగో అంతస్తు చివరి గదిలో పాఠం చెప్పే డాక్టరమ్మ.

పానాకి నమ్మబుద్ధి కాలేదు. డాక్టరమ్మకి అరవై ఒకటి. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, కాళ్లకి మగవాళ్ల బూట్లు. ఆస్పత్రి ఉద్యోగం అయిపోయాక ఇక్కడ 'కట్టడాలూ ఆరోగ్యమూ' అనే పాఠం చెబుతోంది. ఈ పన్నెండు రోజుల్లో అతనికి మంచినీళ్లిచ్చిన మనిషి ఆవిడొక్కర్తే. "ఏం బాబూ, ఇవాళ కూడానా? పాపం," అని రోజూ జాలిపడేది కూడా.

తొమ్మిదిన్నరకి పానా వెళ్లి ఆ క్లాసులో చివరి బెంచీమీద కూర్చున్నాడు.

"ఆలస్యంగా వచ్చారు. మీది ఏ శాఖ?" అంది డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంటూ.

"లిఫ్టండి."

"ఓ, నువ్వా. కూర్చో బాబూ. పాఠం ఎవరైనా వినొచ్చు."

నలభైమంది అధికారులు కూర్చుని ఉన్నారు. డాక్టరమ్మ నల్లబల్ల దగ్గర నిలబడింది.

"మీరు ప్లానుమీద సంతకం పెడతారు. నేను మందుచీటీమీద సంతకం పెట్టేదాన్ని. రెండింటికీ తేడా ఏంటో చెప్పండి."

ముందు వరసలో ఉన్న మీసాల ఇంజనీరు చెయ్యెత్తాడు. "మీ చీటీ మూడు రోజులకే మేడమ్. మా సంతకం ఎనభై ఏళ్లు."

క్లాసు నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు. "ఈ నెలలో ఈ క్లాసులో పుట్టిన మంచిమాట అదొక్కటే. రాసుకోండి. వంటగదికి కిటికీ పెట్టనివ్వకపోతే ఆ ఇంటి ఇల్లాలికి ముప్ఫయ్యేళ్ల దగ్గు రాసిచ్చినట్టే. నడిచే దారి తీసేసి రోడ్డు వెడల్పు చేస్తే వీధి మొత్తానికీ మోకాళ్లనొప్పులు రాసిచ్చినట్టే. సరే, ఇది చెప్పండి. మధ్యాహ్నం క్లాసులో మీరంతా నిద్రపోతారు. అది తెరుచుకోని ఆ కిటికీ తప్పా, నా పాఠం తప్పా? మొహమాటపడకండి."

"సగం సగం మేడమ్," అన్నారెవరో.

"గేటు నుంచి లిఫ్టుకి ఎన్ని అడుగులు?"

"ఇరవై రెండు!"

"మెట్లకి?"

ఒకాయన సందేహంగా లేచాడు. "ఈ భవనానికి మెట్లున్నాయా మేడమ్?"

"నాలుగు వారాలుగా ఇక్కడే తిరుగుతున్నారు నాయనా! లిఫ్టు పక్కన ఆ ఇనుపతలుపు ఏమిటనుకున్నారు?"

"కరెంటు గదేమోనని..."

పానాకి నోరు ఆగలేదు. కాపలా కాయడానికి వచ్చిన సంగతే మర్చిపోయాడు. "మేడమ్, నేనో లెక్క చెప్పనా? మోటారు గదిలో కూర్చుని ఇన్ని రోజులూ లెక్కపెట్టా. లిఫ్టు వందసార్లు తిరిగితే నలభైసార్లు కింది నుంచి ఒకటో అంతస్తుకే. క్యాంటీనుకి."

నలభైమంది అధికారులూ తమ బూట్లు చూసుకున్నారు. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. "చూశారా! ఒక్క అంతస్తు! ఆ మెట్లు లిఫ్టుకి బదులు గేటుకెదురుగా, వెలుతురులో ఉంటే ఈ నలభైలో ముప్ఫైమంది ఎక్కేవాళ్లు. బద్ధకం మీలో లేదు, ప్లానులో ఉంది." గిర్రున తిరిగి బల్లమీద పెద్దగా '40' అని రాసింది.

ఆమె చేతిలో ఉన్నది సగం సుద్దముక్క. విరిచిన చోట కొత్తగా, తెల్లగా ఉంది.

గురువారం ఎనిమిదీ యాభైకే పానా నాలుగో అంతస్తు మెట్లమీద, విరిగిన కుర్చీల వెనక నక్కాడు. ఇనుపతలుపు జానెడు తీసి సందులోంచి చూస్తూ కూర్చున్నాడు. ఒక కుర్చీకాలు వీపులో గుచ్చుకుంటోంది. కదల్లేదు.

తొమ్మిదీ ఎనిమిది. బూట్ల చప్పుడు. డాక్టరమ్మ వసారా కిటికీ దగ్గరకొచ్చి కిందికి చూసింది. గేటులోకి డైరెక్టరు కారు వస్తున్న హారను వినిపించింది. ఆమె లిఫ్టు బటను నొక్కింది. లిఫ్టు వచ్చింది. అటూ ఇటూ చూసి, చేతిసంచీలోంచి సుద్దముక్క తీసి టక్కున విరిచి, అరవై ఒక్కేళ్ల నడుము వంచి, గాడిలో పెట్టింది. ఎంతటి దొంగయినా మెచ్చుకునేంత శుభ్రంగా పెట్టింది. తలుపు సగం మూసుకుని తెరుచుకుంది. మూసుకుని తెరుచుకుంది.

తరవాత ఆమె ఓ చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీసి, నేరుగా ఇనుపతలుపు దగ్గరకొచ్చి, సందులో చెవి ఆనించబోయింది.

అక్కడ పానా ముక్కుంది.

ఇద్దరూ చాలాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. ముందు తేరుకున్నది డాక్టరమ్మే. "ఏం బాబూ, ఇక్కడేం చేస్తున్నావ్?" అంది క్లాసులో అడిగినట్టు.

"ఆ మాట నేనడగాలి మేడమ్."

దొరికిపోయానని ఆమెకి అర్థమైంది. కానీ సిగ్గుపడలేదు. నోటుపుస్తకం తెరిచి చూపించింది. "వాడు నా తమ్ముడు."

"ఎవరు?"

"మీ డైరెక్టరు. మా నాన్న యాభై ఆరో ఏట కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. వీడికి యాభై అయిదు. కుర్చీలోంచి లేవడు. ఇంటి దగ్గర కారెక్కితే ఇక్కడ లిఫ్టు, లిఫ్టు దిగితే కుర్చీ. నా పాఠం విని గోడలు పగలగొట్టి కిటికీలు పెట్టించినవాళ్లున్నారు బాబూ. సొంత తమ్ముడికి పదేళ్లు చెప్పా. గోడకి చెప్పినట్టే. అందుకని... ఇదిగో చూడు. మొదటిరోజు అయిదుసార్లు ఆగాడు. నిన్న ఒక్కసారి. పైకెళ్లాక నిన్ను తిడతాడే, అది కూడా రాశా. మొదటిరోజు దమ్ముకి రెండే మాటలు. నిన్న పంతొమ్మిది!"

పానాకి ఒళ్లు మండింది. "నన్ను తిట్టడం మీకు పరీక్షా?"

"ఊపిరితిత్తులకి అంతకంటే మంచి పరీక్ష లేదు."

"ఇరవై మేడమ్," అన్నాడు ఉండబట్టలేక. "'దద్దమ్మ' రెండుసార్లన్నారు. మీరు ఒకటే రాశారు."

ఆమె పెన్సిలుతో దిద్దుకుంది.

"మేడమ్, మీ తమ్ముడి ఊపిరి సంగతి సరే. రేపు నా ఉద్యోగం పోతుంది. ఇంకోటి చెప్పనా? మీరు ఎనిమిదింటికే వచ్చేస్తారు కాబట్టి చూసుండరు. అయిదో అంతస్తులో రికార్డులు చూసే అక్క ఉంది కదా, ఎడంకాలికి ఇనుపపట్టీ, చేతికర్ర. మీ తమ్ముడు మెట్లెక్కుతుంటే ఆమె రోజూ కింద కాపలావాడి స్టూలుమీద కూర్చుంటుంది. తొమ్మిదీ ఇరవై అయిదు దాకా. మూడు ఆలస్యాలకి ఒక సెలవు కోస్తారు. ఇవాళ్టితో నాలుగు సెలవులు పోయాయి."

డాక్టరమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పి చూసుకుంది, ఆ మనిషి అందులో ఎక్కడైనా ఉంటుందేమోనన్నట్టు. తరవాత వెళ్లి, వంగి, గాడిలోంచి సుద్దముక్క తీసేసింది. లిఫ్టు కిందికి దిగిపోయింది.

సరిగ్గా అప్పుడే మెట్లమీద డైరెక్టరు గారి బూట్లు ఠకఠకలాడాయి. కుర్చీల మధ్యనుంచి ఆయన తల పైకొచ్చింది.

"ఇక్కడున్నావా! లిఫ్టు ఆపేసి కుర్చీల్లో కూర్చుని కబుర్లాడుతున్నావా? అక్కా, నువ్వేంటిక్కడ?"

"లిఫ్టు ఆపింది నేనురా," అంది డాక్టరమ్మ. "పదమూడు రోజులుగా నేనే ఆపుతున్నా. సుద్దముక్కతో. ఈ అబ్బాయి తప్పు ఆవగింజంత కూడా లేదు."

డైరెక్టరు ఆమెకేసి చూశారు. పానాకేసి చూశారు. తల అడ్డంగా ఊపారు.

"నీకీ అలవాటు ఎప్పుడు పోతుందక్కా? చిన్నప్పుడు నేను పగలగొట్టిన గాజుగ్లాసులన్నీ నీమీదే వేసుకునేదానివి. పక్కింటివాళ్ల కుక్క మన చెప్పులు కొరికితే అది కూడా నువ్వే కొరికావన్నావ్! ఇప్పుడు ఈ పనిదొంగని వెనకేసుకొస్తున్నావా? డాక్టరువి, అరవై దాటినదానివి, లిఫ్టులో సుద్దముక్కలు పెడతావా? అబద్ధమాడినా అతికినట్టుండాలి!"

"ఒరేయ్, నిజంరా!"

"రేపు శుక్రవారం," అని పానాకి వేలు చూపించి డైరెక్టరు పైకి వెళ్లిపోయారు. దమ్ము ఎక్కడా తెగలేదు. డాక్టరమ్మ చెయ్యి నోటుపుస్తకం మీదికి వెళ్లబోయి ఆగిపోయింది.

"రేపటి నుంచి పెట్టను బాబూ," అంది మెల్లిగా. "లిఫ్టు ఆగదు. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు. వాడు మళ్లీ లిఫ్టెక్కుతాడు. అంతే కదా, ఎక్కనీ."

పానా 'హమ్మయ్య' అనుకోవాలి. అనుకున్నాడు కూడా. కానీ ఆ రెండో ముక్క, 'అంతే కదా, ఎక్కనీ' అన్నది, కుర్చీకాలు గుచ్చుకున్నచోటే గుచ్చుకుంది.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ బల్లమీద ఏమీ రాయలేదు. "ఇవాళ పాఠం నేను చెప్పను," అని రికార్డుల అక్కని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. "ఈ భవనం నీతో ఎలా ఉంటుందో వీళ్లకి చెప్పమ్మా."

అక్క మొదట బిడియపడింది. తరవాత అందుకుంది. గేటు దగ్గర మూడంగుళాల గడప ఎందుకుందో, దానివల్ల ఎవరికి లాభమో తనకి పదేళ్లుగా తెలియలేదంది. మంచినీళ్ల కుళాయి ఎత్తుగా ఉండటంవల్ల మధ్యాహ్నం దాకా నీళ్లే తాగనంది. లిఫ్టు తలుపు నాలుగు సెకన్లే తెరుచుకుని ఉంటుంది, తనకి కాపలావాడి స్టూలు దగ్గర్నుంచి పదకొండు కావాలి, రోజూ ఆ తలుపు భుజాన్నో కర్రనో గుద్దుతూనే ఉంటుందంది. "ఈ బిల్డింగు ప్లాను పాస్ చేసిన మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలనుంది," అని ముగించింది.

ముందు వరసలో మీసాల ఇంజనీరు బెంచీ కిందికి వంగి ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఏమైందండీ?" అంది డాక్టరమ్మ.

"పెన్ను పడిపోయింది మేడమ్."

"పెన్ను మీ జేబులోనే ఉంది."

ఆయన నిఠారుగా లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేనే పాస్ చేశా మేడమ్. పద్దెనిమిదేళ్ల కింద. మెట్లున్నాయా లేవా అని మాత్రమే చూశాం. ఎక్కడున్నాయని చూళ్లేదు." అక్కవైపు తిరిగి చేతులు జోడించాడు. "చూశారుగా అమ్మా. నేనే ఆ మహానుభావుణ్ణి."

అక్క అతన్ని ఎగాదిగా చూసింది. "ఇంకా పొడుగ్గా ఉంటారనుకున్నా," అంది.

నవ్వులు ఆగాక పానా లేచాడు. "తలుపు సంగతి నా చేతిలో పని. సెకన్లు పెంచాలంటే ఓ మర తిప్పితే చాలు. కానీ పైనుంచి కాగితం కావాలి."

"మూడుసార్లు అర్జీ పెట్టా," అంది అక్క. "డైరెక్టరు గారి బల్లమీదే ఉంది. మూడేళ్లయింది."

"ఎన్ని సెకన్లని రాశారు?"

"ఎన్నని అంకె వెయ్యలేదు."

మీసాల ఇంజనీరు పశ్చాత్తాపంతో రెచ్చిపోయాడు. "వాన రోజున నేల తడిగా ఉంటే ఎంత పడుతుందమ్మా?"

"ఇరవై దాకా పడుతుంది."

"మేం దేనికైనా భద్రత కోసం ఒకటిన్నర రెట్లు వేస్తాం. ముప్ఫై రాయండి!"

ముప్ఫై సెకన్లు. పానా డాక్టరమ్మకేసి చూశాడు. ఆమె అప్పటికే అతనికేసి చూస్తోంది. ఇద్దరి బుర్రలోనూ ఒకే మనిషి, ఒకే తెరిచిన తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

క్లాసయ్యాక ఆమె అతన్ని పక్కకి పిలిచింది. "మా తమ్ముడు ఏడో నెలలోనే పుట్టాడు బాబూ. అప్పుడే ఆగలేకపోయాడు. ముప్ఫై సెకన్లు నిలబడతాడా? లిఫ్టు చెడిపోయిందనే అంటాడు. నీ ఉద్యోగం పోతుంది. నువ్వు పదకొండే పెట్టు."

"అక్కకి వాన రోజున పదకొండు చాలవు మేడమ్," అన్నాడు పానా. అంతకుమించి వివరించడం అతనికి చేతకాలేదు.

సాయంత్రం అక్క తన దగ్గరున్న ఆ పాత అర్జీ నకలుమీద అంకె వేసి, కాగితాల దొంతరలో పెట్టి డైరెక్టరు గదికి తీసుకెళ్లింది. పానా పక్కనే నిలబడ్డాడు. దొంగచాటు పని అతనికి సరిపడదు. నోరు తెరిచి చెప్పాడు. "సార్, ఇది తలుపు గురించి. రేపటి నుంచి తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటుంది సార్. ముప్ఫై..."

"తలుపైతే నాకేంటి, తాళంకప్పైతే నాకేంటి?" డైరెక్టరు తలెత్తకుండానే బరబరా సంతకం గీకేశారు. "రేపు లిఫ్టు ఆగకూడదు. అంతే."

ఆలోగా నాలుగో అంతస్తులో నలభైమంది అధికారులకి డాక్టరమ్మ పరీక్ష పెట్టింది. ప్రశ్నపత్రం లేదు. ఒక్కొక్కరూ మెట్లమీంచి రెండేసి విరిగిన కుర్చీలు డాబామీదికి చేర్చాలి, బిగుసుకుపోయిన కిటికీలు తెరవాలి, ఇనుపతలుపులన్నీ తీసి గోడకి కట్టేయాలి. మీసాల ఇంజనీరు ఆరు కుర్చీలు మోశాడు. ఎవరూ అడగలేదు.

శుక్రవారం. తొమ్మిదీ ఎనిమిది. డైరెక్టరు కారు దిగారు. కింద హాలులో స్తంభం పక్కన పానా నిలబడి ఉన్నాడు.

లిఫ్టు సిద్ధంగా, తలుపు తెరుచుకుని ఉంది. డైరెక్టరు పానాకేసి గర్వంగా ఓ చూపు విసిరి, లోపలికెళ్లి ఆరో నంబరు నొక్కారు.

అయిదు సెకన్లు. ఆయన గొంతు సవరించుకున్నారు.

పది. మూసే బటను నొక్కారు. మళ్లీ నొక్కారు. ఆ బటనుకి తీగలు ఏనాడో తెగిపోయాయని పానాకి తెలుసు. ప్రపంచంలో సగం లిఫ్టుల్లో అది మనుషుల మనశ్శాంతికోసం పెట్టిందేనని అతని నమ్మకం.

ఇరవై. ఆయన కాలు నేలమీద దరువేస్తోంది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. తలుపు కదిలింది. సరిగ్గా అప్పుడు క్యాంటీనుకి పోయే ఇద్దరు గుమస్తాలు "ఆగండాగండి!" అంటూ చెయ్యి అడ్డం పెట్టారు. తలుపు తెరుచుకుంది. మళ్లీ ఒకటి నుంచి ముప్ఫై.

"పానా!" హాలు దద్దరిల్లింది. డైరెక్టరు బయటికి దూకారు. "ఆగిపోయింది! చెప్పానా లేదా? ఫిర్యాదుల పుస్తకం తే!"

"ఆగలేదు సార్. తలుపు తెరుచుకుని ఉంది. ఇంకో ఇరవై నాలుగు సెకన్లకి వెళ్తుంది."

"ఇరవై నాలుగు! అంతసేపట్లో నేను ఒక అంతస్తు ఎక్కేస్తా! తే పుస్తకం!"

పుస్తకం వచ్చింది. పెన్ను మూత తీసి ఆయన రాయబోతుంటే, స్టూలుమీంచి రికార్డుల అక్క లేచింది. కర్ర ఆనించుకుంటూ తాపీగా వచ్చి, సంచీలోంచి కాగితం తీసి పుస్తకం మీద పెట్టింది.

"మీరు రాసిన ఫిర్యాదు మళ్లీ నేనే ఫైలు చెయ్యాలి సార్. దానికింద ఇది కూడా పెట్టాలి. అందుకని ముందే చూపిస్తున్నా."

డైరెక్టరు చదివారు. తలుపు ముప్ఫై సెకన్లు తెరిచి ఉంచవలెను. కింద సంతకం. కాగితం కళ్లకి దగ్గరగా తెచ్చుకుని మళ్లీ చూశారు. సంతకం ఆయనదే.

ఆయన తలుచుకుంటే ఈ కాగితాన్నీ పానానీ కలిపి చెత్తబుట్టలో వేయొచ్చు.

అంతలో గుమస్తాల్ని దింపి లిఫ్టు తిరిగొచ్చి తలుపు తెరుచుకుంది. అక్క లిఫ్టులోకి నడిచింది. తొందరపడలేదు. తలుపు ఆమె భుజాన్ని గుద్దలేదు, కర్రని పట్టుకోలేదు. లోపలికెళ్లి, ఇటు తిరిగి, కొంగు సర్దుకుని, ఇంకా సమయం మిగిలి ఉంటే ఏం చేయాలో తోచక డైరెక్టరుకేసి చూసి నవ్వింది. పదేళ్లలో ఆమె నవ్వగా ఆయన చూడటం అదే మొదలు. తలుపు మూసుకుంది. లిఫ్టు ఆయన్ని వదిలేసి వెళ్లిపోయింది.

డైరెక్టరు పెన్నుకి మూత పెట్టారు. పుస్తకంలో ఏమీ రాయలేదు. అటు చూస్తే ఇనుపతలుపు గోడకి కట్టేసి ఉంది, మెట్లమీద కిటికీ వెలుతురు పడుతోంది. లిఫ్టు తిరిగొచ్చేదాకా నిలబడాలి, వచ్చాక మళ్లీ ముప్ఫై సెకన్లు నిలబడాలి. ఆయన నిలబడే రకం కాదు. ఏదో గొణుక్కుంటూ రెండేసి మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు.

పానా గోడకి జారబడ్డాడు. నాలుగో అంతస్తు మెట్ల కడ్డీమీంచి నెరిసిన జుట్టు ఒకటి కిందికి తొంగిచూసి, చటుక్కున వెనక్కి పోయింది.

పై నుంచి కేక వినిపించింది. "పానా! ఈ మూడో అంతస్తులో దీపమేది? మనుషులు ఎక్కుతారని తెలీదా? మలుపు దగ్గర పట్టుకునే కడ్డీ ఊగుతోంది! ఎవడు చూస్తాడు ఇవన్నీ?"

"మెట్లు మా కంపెనీవి కాదు సార్! మేం లిఫ్టు ఒక్కటే చూస్తాం!"

"ఇవాళే మీ కంపెనీకి ఉత్తరం పంపిస్తున్నా!"

పానా గోడ వదిలి మెట్ల దగ్గరికి పరిగెత్తాడు. "సార్!"

"వచ్చే ఏడాది నుంచి లిఫ్టుతోపాటు మెట్లు కూడా మీరే చూడాలని! మనిషిని మార్చొద్దని కూడా రాస్తా. నువ్వే చూడాలి!"

పానాకి మాట రావడానికి ముప్ఫై సెకన్లు పట్టింది. "మెట్లకి మెకానిక్కెందుకు సార్? అవి కదలవు కదా!"

"అందుకే నీకిస్తున్నా! నువ్వు చూసేవి ఎలాగూ కదలవు!"